కారవాన్‌లో పాలు పొంగించిన రోజు

మా బావని చంపేస్తానని నేను చాలాసార్లు అన్నాను. కోపంతో ఊగిపోతూ కాదు. వంకాయలు తరుగుతూ అన్నాను, పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేస్తూ అన్నాను, ఈ గల్ఫ్ దేశంలో, అల్ కుసైస్‌లో మా బిల్డింగ్ కింద కూరగాయల సంచులు మోసుకొస్తూ అన్నాను. మా ఆయన మొదట్లో "ఊరుకో, ఎవరైనా వింటారు" అనేవాడు. తర్వాత్తర్వాత "సరే, ముందు అన్నం పెట్టు" అనడం మొదలుపెట్టాడు. నా కోపం అందరికీ అలవాటైపోయింది. అక్క తినే దెబ్బలు కూడా అలాగే అందరికీ అలవాటైపోయాయి. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అక్క నాకంటే పెద్దది, నెమ్మదస్తురాలు. కాకినాడలో మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మాట పైకి రాలేదు. బావ చేతిలో పడ్డాక అసలు మాటే రాకుండా పోయింది. బావ ఒక సరుకు రవాణా కంపెనీలో మేనేజరు. కింద పనిచేసేవాళ్ళంతా అరబ్బీలో "ముదీర్, ముదీర్" అంటూ వెనకాల తిరుగుతారు. బయట ఆయన నోట్లోంచి ఒక్క పరుషమైన మాట రాదు. ఇంటికొచ్చి తలుపు గడియ పెడితే చాలు, చెయ్యి లేస్తుంది. వాళ్ళకి పిల్లల్లేరు. అదొక వంక. కూర బాగాలేదు, అదొక వంక. కరోనా వచ్చి తగ్గాక ఆయనకి ముక్కు పోయింది. వాసన తెలియదు, రుచి తెలియదు. నెలలు గడిచినా తిరిగి రాలేదు. అక్క ఎన్ని మసాలాలు గుప్పించినా ఆయనకి గడ్డి తిన్నట్టే ఉండేది. కంచం గోడకేసి కొట్టేవాడు. ఆ తర్వాత అక్కని గోడకేసి కొట్టేవాడు.

"వచ్చెయ్యవే మా ఇంటికి" అని ఎన్నిసార్లు బతిమాలానో. రెండంతస్తుల కిందే కదా మేముండేది.

"వచ్చి ఏం చెయ్యను? నా వీసా ఆయన మీద ఉంది. నాకు పూచీ ఉన్న కఫీల్ ఆయనే కదే" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఏడవడం నాకు చేతకాదు కాబట్టి తిట్టేదాన్ని.

ఒకరోజు వాళ్ళ పక్క ఫ్లాట్‌లో ఉండే మలయాళీ ఆయన తలుపు బాదాడు. ఇంకోసారి ఆడమనిషి అరుపు వినబడితే పోలీసులకి ఫోన్ చేస్తానని బావ ముఖం మీదే చెప్పాడు. బావ రెండు చేతులూ జోడించి, టీవీ సౌండండీ, సారీ అండీ అన్నాడట. ఆ వారం అక్క మీద చెయ్యి పడలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకే బావ కారవాన్ కొన్నాడు.

దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక తెల్లవాడి దగ్గర కొన్న పాత బండి అది. రేకు డబ్బాకి రెండు చక్రాలు. లోపల ఒక మంచం, రెండు పొయ్యిల వంటగట్టు, వెనకాల పెట్టెంత బాత్రూం. చలికాలం వస్తే ఇక్కడ సగం జనం ఎడారిలోనే ఉంటారు, గుడారాలూ కారవాన్లూ వేసుకుని మాంసం కాల్చుకుంటూ. బావ దాన్ని ఉమ్ అల్ క్వైన్ వైపు, రోడ్డు దిగి ఇసుకలోకి చాలా లోపలికి లాగించి పెట్టించాడు. ఫోన్‌లో ఫోటోలు చూపిస్తూ మా అందరి ముందూ మురిసిపోయాడు.

"ఇక ప్రతి వీకెండూ మేమిద్దరం ఇక్కడే మరదలా. చుట్టుపక్కల పురుగు ఉండదు. మన గోల మనది. తలుపు బాదేవాడెవడూ లేడు!"

అక్క టీ కప్పులు తీస్తోంది. తీసినవాటిని మళ్ళీ బల్ల మీదే పెట్టేసింది. మనిషి అంత పచ్చిగా చెప్పేసినా మా ఆయన "బాగుంది అన్నయ్యగారూ, ఏసీ కూడా ఉందా?" అని అడుగుతున్నాడు. మగవాళ్ళకి ఎక్కడ పెట్టాడో దేవుడు బుర్ర!

ఆ రాత్రే మా ఆయనకి చెప్పేశాను. "చూడండి, కారవాన్‌కి పూజ అంటున్నారు కదా, వెళ్దాం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అక్క మన కారులో ఉండాలి. దాన్ని అక్కడ ఒక్క రాత్రి వదిలినా శవాన్ని తెచ్చుకుంటాం."

ఈసారి ఆయన "అన్నం పెట్టు" అనలేదు. సరేనని తలూపాడు.

పూజ అక్క పట్టుపట్టి పెట్టుకున్నదే. డబ్బాకి పాలు పొంగించడమేంటే అంటే, "చక్రాలుంటే మాత్రం ఇల్లు ఇల్లే కదా, వండుకుని తింటాం కదా" అంది. బావకి ఇలాంటివి మహా ఇష్టం. పంచాంగం చూసి ఉదయం ముహూర్తం పెట్టించాడు. పిల్లల్ని స్నేహితురాలి ఇంట్లో దించి బయల్దేరాం. దారంతా గాలి. రోడ్డు మీద ఇసుక పాములా పాకుతోంది. తారు దిగాక ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించి, అయినా రెండుసార్లు కూరుకుపోయి, ఎలాగో చేరాం. దూరంగా ఒక అరబ్బు కుటుంబం గుడారాలు, వాళ్ళ పికప్పు తప్ప ఇంకేం లేదు. బావ నల్లద్దాలు పెట్టుకుని, కొత్త పంచె కట్టుకుని, డబ్బా ముందు నిలబడి ఉన్నాడు. పంచె గాలికి పటపటా కొట్టుకుంటోంది.

లోపలికెళ్తే మంచం మీదా గట్టు మీదా ఇసుకే. అక్క తుడుస్తోంది, మళ్ళీ పడుతోంది. పొయ్యి కింద నేలకి చిన్న చిన్న చిల్లులున్నాయి. వాటిలోంచి ఇసుక ఎగజిమ్ముతోంది.

"తెల్లవాడికి బుద్ధి లేదు. నేలకి చిల్లులు పెట్టి అమ్మాడు నాకు" అన్నాడు బావ. పాత లుంగీ చింపి ఆ చిల్లుల్లో కుక్కి, పైన టేపు అంటించాడు. టేపు పట్టుకున్నది మా ఆయనే. ఆ చిల్లులు ఎందుకో మాలో ఎవరికీ తెలియదు. గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి, లీకైతే కిందికి జారి బయటికి పోవడానికే వాటిని పెడతారని తర్వాత ఫైర్ ఆఫీసరు చెప్పాడు.

గాలికి బయట పందిరి గుడ్డ చిరిగిపోయేలా ఉంటే తాళ్ళు బిగించడానికి మా ఆయన వెళ్ళాడు. లోపల మేం ముగ్గురమే. తలుపూ కిటికీలూ అన్నీ మూసేశాం. అక్క కొత్త గిన్నెకి పసుపు రాసి, బొట్లు పెట్టి, అంచుదాకా పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. బావ సామర్లకోటలో వాళ్ళమ్మకి వీడియో కాల్ చేశాడు. ఆవిడ ఫోన్‌లో కూర్చుని పురోహితురాలిలా ఒక్కొక్కటీ చెబుతోంది.

పాలు పొంగాయి. ముగ్గురం ఒకేసారి "పొంగాయి, పొంగాయి" అన్నాం. ఆ ఒక్క క్షణం అక్క ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది.

"ఏ వైపు పొంగాయిరా? తూర్పుకేనా?" అంది ఫోన్‌లోంచి అక్క అత్తగారు.

ఎడారి మధ్యలో తూర్పెక్కడని చెప్పేది? బావ తన ఫోన్ అక్క చేతికిచ్చి, నా ఫోన్ లాక్కుని అందులో దిక్కులు చూశాడు. తిప్పి తిప్పి చూసి, తూర్పేనని తేల్చాడు. ఆ తర్వాత వాళ్ళమ్మకి మంచం చూపించాడు, బాత్రూం చూపించాడు, ఫ్రిజ్ తీసి చూపించాడు. సిగ్నల్ పోతోంది, వస్తోంది. చూపించిందే మళ్ళీ చూపిస్తున్నాడు. పొయ్యి వైపు మాలో ఒక్కరు కూడా చూడలేదు. ఇంట్లో అయితే పాలు పొంగాక పెద్ద పొయ్యి మంట అటూ ఇటూ ఊగి మళ్ళీ నిలబడుతుంది. ఇక్కడి చిన్న పొయ్యి మీద అన్ని పాలూ ఒక్కసారిగా పడి మంట ఆరిపోయింది. నాబ్ తిప్పి గ్యాస్ కట్టేసినవాళ్ళెవరూ లేరు.

అక్కే ముందు పసిగట్టింది. "ఏవండీ, గ్యాస్ వాసన వస్తోంది."

"పాలు మాడిన వాసన" అన్నాడు బావ, ఫోన్ చూస్తూనే. ఆయనకి ఆ వాసన కూడా రాదని మాకు తెలుసు. మాకు తెలుసని ఆయనకీ తెలుసు.

"కాదండీ, గ్యాసే."

నాకూ తగిలింది, గుప్పుమని. "బావా, అవును, తలుపు తియ్" అంటూ నేను నాబ్ వైపు చెయ్యి చాచాను.

బావ నా చేతిని విసిరికొట్టాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. "ఇద్దరూ కలిసి నాకు ముక్కు లేదని ఎగతాళి చేస్తున్నారా? మా అమ్మ ముందు? శుభమా అని హారతి ఇచ్చే వేళ నీ పాడునోరు..."

ఆ మాట పూర్తికాకుండానే అక్క చెంప పేలింది. మామూలుగా కొట్టలేదు, చెయ్యి వెనక్కి లాగి కొట్టాడు. అక్క నా మీద పడింది, నా తల తలుపుకి తగిలింది. ఫోన్‌లోంచి అత్తగారు అంతా చూస్తూనే ఉంది. ఆవిడ అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "పూజ పూటా ఆ గొడవేంట్రా, ముందు హారతి కానివ్వండి, వర్జ్యం వచ్చేస్తుంది."

"హారతి నేనే ఇచ్చుకుంటాను! దిగండి, దరిద్రపు మొహాలు!" అని బావ తలుపు తెరిచి అక్క నడుం మీద కాలితో తన్నాడు. ఇద్దరం మెట్టు మీంచి ఇసుకలో బోర్లా పడ్డాం. తలుపు దభాలున మూసుకుంది. నోట్లో ఇసుకతోనే నేను అరిచాను. "అగ్గిపుల్ల గియ్యకు బావా! గియ్యకు!" గాలికి నా మాట నాకే వినబడలేదు.

పేలింది.

ఆ చప్పుడు చెవికి కాదు, ఛాతీకి తగిలింది. కిటికీలు ఎగిరి మా మీంచి పోయాయి. పైకప్పు మీది మూత లేచి ఎక్కడో పడింది. డబ్బా పక్కలు ఉబ్బి, తలుపు ఒక మడతబందు మీద వేలాడుతోంది. లోపలంతా ఎర్రగా ఉంది. పరుపు అంటుకుంది, పరదాలు అంటుకున్నాయి, ప్లాస్టిక్ కరిగి నల్లటి పొగ గాలికి అడ్డంగా పరుగెడుతోంది. లోపల్నుంచి బావ అరుస్తున్నాడు. మనిషి గొంతులా లేదు.

మా ఆయన కారులో ఉండే మంటలార్పే చిన్న ఎర్ర సిలిండర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ముందువైపు పెట్టెలో గ్యాస్ బండ ఉందని గుర్తొచ్చి, దాన్ని కట్టేయడానికి అటు పరుగెత్తాడు. అక్క లేచింది. తలుపు వైపు ఒక అడుగు వేసింది. నేను వెనక నుంచి దాని నడుం గట్టిగా పట్టేసుకున్నాను.

"ఎక్కడికే?"

"వదులు."

"వదలను! కాలనీ వాణ్ణి! నిన్ను ఇన్నేళ్ళు కాల్చుకు తిన్నాడు, వాడూ కాలనీ!"

అన్నాను. గట్టిగానే అన్నాను. ఇప్పుడు అడిగినా అదే అంటాను, నాకేం సిగ్గులేదు. వాడు చస్తే పీడ విరగడవుతుందని నా ఒంట్లో ప్రతి నరమూ సంతోషంతో అరుస్తోంది. ఆ క్షణం నాకు కావలసిందల్లా అక్క. అది నా చేతుల్లో ఉంది. పట్టుకుని ఉంటే చాలు, అంతా అయిపోతుంది.

అక్క మెలికలు తిరిగింది. నా చేతులు కొరికింది. నేను వదల్లేదు. అప్పుడు అక్క వెనక్కి తిరిగి పిడికిలి బిగించి నా మూతి మీద కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక మా అక్క ఒక మనిషి మీద చెయ్యి ఎత్తడం నేను చూడలేదు. చీమని చూసి కాలు తప్పించే మనిషి. నా ముందు పన్ను విరిగి నోట్లోకి వచ్చింది. రక్తం ఉమ్ముకుంటూ నేను మోకాళ్ళ మీద పడ్డాను. అక్క చున్నీ ముఖానికి చుట్టుకుని లోపలికి దూకింది.

అవతలి గుడారాల దగ్గర్నుంచి పికప్పు వచ్చి మా పక్కన ఆగింది. నడిపేది ఆ అరబ్బు ఇంటి డ్రైవరు, జగిత్యాల వైపు మనిషి. నీళ్ళ డబ్బా, దుప్పట్లు పట్టుకుని దిగాడు.

"లోపలెవరున్నరు?" అని కేకేశాడు.

"మా అక్క!" అన్నాను. బావ పేరు నా నోటికి రాలేదు.

దుప్పటి తడిపి నెత్తిన కప్పుకుని ఆయన తలుపు దాకా వెళ్ళాడు. అప్పటికే అక్క బావని చంకల కింద పట్టుకుని వెనక్కి వెనక్కి ఈడ్చుకొస్తోంది. డ్రైవరు బావ కాలొకటి పట్టుకుని లాగాడు. ముగ్గురూ ఒకరి మీద ఒకరు ఇసుకలోకి దొర్లారు. "ఇడువు అక్కా, చెయ్యి ఇడువు, కాలుతున్నది!" అని ఆయన అరుస్తుంటే కూడా అక్క వేళ్ళు బావ చొక్కాని వదల్లేదు. ఆ చొక్కా అక్క అరచేతులకి అంటుకుపోయింది. తడి దుప్పట్లో చుట్టి, మంటలు చల్లార్చి, ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది మా ఆయన. వాళ్ళ వెనక డబ్బా మొత్తం అంటుకుని, చక్రాలు టపటపా పేలుతూ, చివరికి ఇనప చట్రం మిగిలింది.

అంబులెన్స్ వచ్చి, ఆస్పత్రికి చేరి, బావని లోపలికి తీసుకెళ్ళి, అక్క చేతులకి కట్లు కట్టేసరికి మధ్యాహ్నం దాటింది. బావకి ముఖం, చేతులు, ఛాతీ కాలాయి. బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు. ఒక పోలీసమ్మాయి వచ్చి నెమ్మదిగా అన్నీ అడిగి రాసుకుంది. వెళ్ళబోతూ అక్క చెంప వైపు చూసింది. నాలుగు వేళ్ళూ తేలి ఉన్నాయి, వాతలు వాతలుగా. ఇది మంటల వల్ల వచ్చింది కాదు కదా, ఎవరు కొట్టారు అని హిందీలో అడిగింది. నేను నోరు తెరిచాను. అక్క నా వైపు ఒక్క చూపు చూసి తల దించుకుంది. పోలీసమ్మాయి వెళ్ళిపోకుండా, వరండా చివర కుర్చీలో వెళ్ళి కూర్చుంది.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. అందరూ అక్కని పొగిడేవాళ్ళే. అత్తగారు ఏడుస్తూ, "నా కొడుక్కి ప్రాణం పోశావు తల్లీ, నువ్వు మనిషివి కాదు, దేవతవి. ఇక వాణ్ణి కంటికి రెప్పలా చూసుకో" అంది. కాకినాడ నుంచి మా పెద్దమ్మ, "పెళ్ళామంటే నువ్వే" అంది. బావ ఆఫీసు వాళ్ళు పళ్ళు తెచ్చారు. అక్క అందరికీ "ఊఁ" అంటోంది. ఆ కట్టు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తోంది. నాకు లోపల్నుంచి తన్నుకొస్తోంది. అయిపోయింది, ఇక ఇది జన్మలో ఆ మనిషిని వదలదు. తెచ్చుకుందామని వెళ్ళి, నా చేతులతో పట్టుకుని కూడా పోగొట్టుకున్నాను. పన్ను పోయిందని కాదు, నా మీద చెయ్యి చేసుకుని మరీ వాడి దగ్గరికే వెళ్ళిందని ఏడుపొచ్చింది. చేతకాదన్నాను కదా, ఆ రోజు ఏడ్చాను. అందరి ముందూ, ముక్కు చీదుకుంటూ.

సాయంత్రం డాక్టరు బయటికొచ్చాడు. అక్క లేచి ఎదురెళ్ళింది. "బతుకుతాడా?" అని అడిగింది. ప్రమాదం తప్పింది, నెలలు పడుతుంది గాని బతుకుతాడు అన్నాడాయన. "నిజంగానా డాక్టర్? ఖాయంగా?" అని మళ్ళీ అడిగింది. ఖాయమే అన్నాడు. తెలివిలోకి వచ్చాడనీ, మిమ్మల్నే పిలుస్తున్నాడనీ, వెళ్ళి చూడొచ్చనీ చెప్పాడు.

"వెళ్ళు" అన్నాను. "వెళ్ళవే పతివ్రతా! వెళ్ళి కాళ్ళు పట్టు! వాడి కోసం చెల్లెలి పళ్ళు రాలగొట్టావు, ఇంకేం మిగిలింది? వాడు లేచి మళ్ళీ తంతాడు, తన్నించుకో!"

మా ఆయన "ఊరుకో" అంటూ నా భుజం పట్టుకున్నాడు. అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. కట్టు కట్టిన చేత్తో నా వాచిన పెదవి ముట్టుకోబోయి, వేళ్ళు కదలక, చెయ్యి దించేసింది.

"చాలా నొప్పిగా ఉందా?"

"నాతో మాట్లాడకు."

"వాడు అందులో చచ్చిపోయుంటే ఏమయ్యేదే?" అంది అక్క. మా బావని అది "వాడు" అనడం నేను వినడం అదే మొదలు. "ఊరంతా వచ్చి ఏడ్చేది. నేనూ ఏడవాలి. ఫోటోకి దండ వేసి రోజూ దీపం పెట్టాలి. ఎవరడిగినా మంచివాడనే చెప్పాలి. ఏడాదేడాదికీ వాడి పేరు మీద అన్నం పెట్టాలి. చచ్చేదాకా వాడి పెళ్ళాన్నే అయ్యుండేదాన్ని. చచ్చినవాణ్ణి ఎలా వదిలెయ్యనే?"

నేను ముక్కు చీదుకోవడం ఆపి అక్క వైపు తిరిగాను.

"బతికున్నాడుగా" అంది. "ఇక వదిలెయ్యొచ్చు. వీసా క్యాన్సిల్ చేసుకుంటే చేసుకోమను."

లోపల్నుంచి బావ గొంతు సన్నగా వినబడుతోంది, అక్క పేరు పెట్టి. నర్సు తలుపు తెరిచి పట్టుకుని అక్క కోసం చూస్తోంది. అక్క లేచి ఆ తలుపు దాటుకుని వరండా చివరిదాకా నడిచింది. పోలీసమ్మాయి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, వాతలు తేలిన చెంప ఆమె వైపు తిప్పి, ఎవరు కొట్టారో రాసుకోమని తనకొచ్చిన కాస్త హిందీలో మొదలుపెట్టింది.

"మేడమ్, యే మేరా ఆద్మీ నే మారా. రోజ్ మార్తా హై. లిఖో."